జారుముడి

దారానికి ముడి వేయడం నేర్చిన నాడే మానవుడు పశుత్వం నుంచి వేరుపడ్డాడని పండితులు ఏనాడో తీర్మానించి ఉండవలసింది. తీర్మానించకపోవడం పండితుల లోపమే గాని ముడి లోపం కాదు. ధాన్యాన్ని మూటగా, కేశాలను కొప్పుగా, ఇద్దరు అపరిచితులను సంసారంగా నిలిపినది ముడి. కిరీటం జారిన రాజులు తలెత్తుకొని తిరిగిన సందర్భాలు చరిత్రలో ఉన్నవి. నడిబజారులో పంచె ముడి జారినవాడు తలెత్తుకొని తిరిగిన సందర్భం ఒక్కటైనా లేదు.

అంతటి మహిమ గల ముళ్ళు మూడు, ఒక జానెడు పసుపుపచ్చని పట్టుదారం మీద ఒకదానినొకటి అంటిపెట్టుకొని, ఆ పొద్దు డాక్టర్ ఎల్లస్వామి ఇంటి వంటగది గడప మీద కొలువు తీరి ఉన్నవి. గడపకు ఈవల డాక్టరు నిలుచున్నాడు. ఆవల ఆయన భార్య అండాలు కూర్చున్నది. ఆమె వెనుక పొయ్యి చల్లగా ఉన్నది.

"ఏంది గిది?"

"దారం."

"దారమని నాకెరుక లేదా? పసుపు దారం. దానికి మూడు ముళ్ళు. నీ అంగీ జేబుల దొరికింది. ఎవరి మెడల కట్టంగ మిగిలిందో గది జెప్పు."

కాపురానికి వచ్చిన నాటి నుంచి నిన్న దీపాలు పెట్టే వేళ దాకా అండాలు భర్తను 'మీరు' అనే పిలిచింది. భువనగిరి తాలూకా దవాఖాన డాక్టరు భార్యకు అది శోభ అని ఆమె తానే నిర్ణయించుకున్నది. ఆ బహువచనం నిన్నటితో గతించింది. తెల్లవారేసరికి ఏకవచనం సింహాసనం ఎక్కి కూర్చున్నది.

"పసుపు గాదే. టింక్చరు. గావాల్నంటే వాసన జూడు."

"జూసిన. దవాఖాన వాసనే. దవాఖానల లగ్గం జేసుకున్నోని దగ్గర దవాఖాన వాసన గాక మల్లెపూల వాసన వస్తదా?"

"లగ్గమా!"

"మెల్లగ మాట్లాడు. కిరాయి ఇల్లు. గోడకావల ఇంటోళ్ళు ఇంటరు. గది గూడ నేనే జెప్పాల్నా?"

మూలన చేట ముందు పెట్టుకొని చింతపండు గింజలు తీస్తున్న గోపమ్మ కోడలి వైపు ఒకసారి, కొడుకు వైపు ఒకసారి చూసింది. ఆమె డాక్టరుకు తల్లి. చెవులు ఎప్పుడూ బాగానే పనిచేస్తవి. ఆ పొద్దు మరింత బాగా పనిచేస్తున్నవి.

"నాకు భిక్షమే జెప్పిండు బిడ్డా," అన్నది. "నేను కల్పిచ్చింది ఒక్క ముక్క లేదు."

ఈ మహోపద్రవానికి మూలపురుషుడు కంపౌండరు భిక్షం. మీసం నెరిసిన మనిషి. డాక్టరు వెంట భువనగిరి నుంచి నల్లగొండకు వచ్చినవాడు. యజమాని కీర్తి విషయంలో ఆస్థానకవులను మించినవాడు. నిన్న సాయంత్రం, డాక్టరు మరచిపోయిన గొడుగు ఇచ్చిపోవడానికి వచ్చి, వాకిట్లో గోపమ్మతో గర్వంగా ఇట్లా అన్నాడు:

"అమ్మా, ఇయ్యాల మన సారు జానమ్మకు మూడు ముళ్ళేసిండు. అందరు జూస్తుండంగనే! కర్నల్ సాబు శాబాష్ అన్నడు."

గొడుగు గోడకు ఆనించి, తన వంతు ధర్మం నెరవేర్చిన తృప్తితో భిక్షం వెళ్ళిపోయాడు. మాట మాత్రం వెళ్ళలేదు. వాకిట్లో నుంచి వంటింట్లోకి నడిచి వచ్చి, అండాలు చేతిలోని గరిటెను కింద పడవేసింది.

"జానమ్మంటె ఎవరు?" అన్నది అండాలు ఇప్పుడు.

"కోస్గి డాక్టరమ్మ. నాతోని ట్రైనింగుల ఉన్నది."

"పెండ్లయిందా?"

"లేదు."

"మొన్నటిదాక, అను."

ఇక్కడ డాక్టరు నిజం చెప్పి ఉంటే ఈ కథకు పని ఉండేది కాదు. నిజం నాలుక చివరి దాకా వచ్చింది కూడా. అక్కడ ఆత్మగౌరవం దానికి అడ్డంగా పడుకొని ఉన్నది.

నందికొండ దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట లేస్తున్న రోజులవి. రాయి పేలుతుంది, పరంజా కూలుతుంది, లారీ తిరగబడుతుంది. మనుషులు విరిగీ చిరిగీ నల్లగొండకు వస్తారు. తాలూకా డాక్టర్లకు జ్వరాలు తెలుసు, విరేచనాలు తెలుసు, తెగిన రక్తనాళం తెలియదు. అది నేర్పడానికి పటాలంలో పనిచేసి విరమించిన ఒక కర్నల్ సాహెబు హైదరాబాదు నుంచి వచ్చి, ఒక రేకుల షెడ్డులో మేక తొడలు వేలాడదీసి, నెలన్నరగా పాఠం చెప్తున్నాడు. చచ్చిన కండ కోసి పారెయ్యి. బతికిన కండ జోలికి పోకు. రక్తనాళాన్ని పట్టు, కట్టు, ఆ తరువాతనే ఎముక సంగతి చూడు. రేపు ఆయన తిరిగి వెళ్ళిపోతాడు. వెళ్ళేలోగా, ఆనకట్ట పక్కన కొత్తగా తెరవబోయే గాయాల వార్డు ఎవరి చేతిలో పెట్టేదీ చెప్పిపోతాడు. ఎల్లస్వామికా, జానమ్మకా అన్నదే మిగిలిన ప్రశ్న. తక్కిన డాక్టర్లు తమ తమ జ్వరాలకు తిరిగిపోవలసినవారే.

ఆ వార్డు మీద ఎల్లస్వామికి ఉన్న కోరిక చిన్నది కాదు. జాగా దొరికితే రాతిగోడ మీద తన పేరు చెక్కించడం దాకా ఆయన మనసులో పని పూర్తయింది. కత్తి పట్టడంలో ఆయనకు సాటి లేరు. చచ్చిన కండకూ బతికిన కండకూ నడుమ సరిహద్దును, పొలం గట్టు చూపే పట్వారీలాగా, ఇట్టే చూపగలడు. సాహెబు కూడా ఆ మాట అన్నాడు.

ముడి దగ్గరనే వచ్చింది చిక్కు. చిన్ననాడు చేలో జొన్నచొప్ప కట్టలు కట్టిన వేళ్ళు అవి. చొప్పకట్టకు రెండుసార్లూ ఒకే వైపు మెలిపెట్టి దోపితే చాలు. ఎండు చొప్ప గరుకుగా ఉంటుంది గనుక బండి మీద ఎంత దూరం పోయినా ఊడదు. పట్టుదారం నునుపు. దానికి మొదటి ముడి ఇటునుంచి అటు పోతే రెండవది అటునుంచి ఇటు రావాలి. మూడవది కాపలా. ఎల్లస్వామి బుద్ధికి ఇది మొదటి రోజే అర్థమైంది. వేళ్ళకు ఇంతవరకు అర్థం కాలేదు.

నిన్న, పేలిన రాయి తగిలి పిక్క చీలిన బీరప్ప అనే గొర్లకాపరిని బల్ల మీద పడుకోబెట్టారు. ఎల్లస్వామి కత్తి పని చూసి షెడ్డు మూగబోయింది. తరువాత ఆయన నాళానికి ముడి వేశాడు. ముడి జారింది. రక్తం లేచి సాహెబు కళ్ళద్దాల మీద చిమ్మింది.

"యే కైసీ గాంఠ్ హై, డాక్టర్ సాబ్?" అన్నాడు సాహెబు అద్దాలు తుడుచుకుంటూ. ఇదెక్కడి ముడి అని ఆయన ప్రశ్న.

"చొప్పకట్ట ముడి సార్," అన్నది జానమ్మ, దారం అందుకుంటూ. "మా ఇంట్ల గూడ గట్లనే గడ్తరు."

షెడ్డంతా నవ్వింది. మత్తులో ఉన్న బీరప్ప కూడా నవ్వాడని ఎల్లస్వామి అనుమానం. ఆమె మూడు ముళ్ళు వేసింది, రక్తం ఆగింది, శాబాష్ ఆమెకు పోయింది. అంతటితో ఊరుకోక, చేతులు కడుక్కున్న తరువాత ఆయన చూపుడువేలును పట్టుకొని దానికే పట్టుదారం చుట్టి, ఇట్లా, ఇట్లా, ఇట్లా అని మూడు ముళ్ళు వేసి చూపింది. ఆ ఉచ్చును ఎల్లస్వామి ఎవరూ చూడకుండా వేలి నుంచి ఊడదీసి జేబులో వేసుకున్నాడు. గురుభక్తితో కాదు. శత్రువు కోట పటాన్ని దొంగిలించే వేగులవాని బుద్ధితో. ఇంటికి తెచ్చి, తలుపు మూసి, ఆ ముళ్ళ గుట్టు చూడాలనుకున్నాడు. నెలన్నరగా గాయాలు కుట్టడం నేర్చుకున్న మనిషికి కళ్ళు కుట్టడం మాత్రం ఎవరూ నేర్పవలసిన పని లేకపోయింది.

కనుక ఇప్పుడు ఆయన ముందు రెండు దారులు. ఆ ముళ్ళు నావి అంటే జానమ్మకు పుస్తె కట్టినట్టు. జానమ్మవి అంటే ఆమె ముందు ఓడినట్టు. డాక్టరు రెండింటినీ తూచాడు. రెండవదే బరువుగా తోచింది.

"మాట్లాడవేంది?" అన్నది అండాలు.

డాక్టరు అపవాదును మౌనంగా మోసే మహాపురుషుని ముఖం పెట్టాడు. నిజం చెప్పవలసి వస్తే, భార్య తనకోసం ఇంకొకతె మీద ఇంతగా మండిపోవడం ఆయనకు ఎక్కడో చల్లగానే తగిలింది.

"ఆమె మంచిగుంటదా?"

"ఎట్లుంటె ఏంది?"

"ఉంటదన్నట్టు." అండాలు దారాన్ని చీపురుపుల్లతో ఎత్తింది, చేత్తో ముట్టలేదు. "సరే. నువ్వు జెప్పకు. నేను కర్నల్ సాబు దగ్గరికే పోయి అడుగుత. మీ తాన డాక్టర్లను తయారు జేస్తాన్రా, లగ్గాలు జేస్తాన్రా అని."

మహాపురుషుని ముఖం కొంత చెదిరింది.

"నువ్వు ఆడికి పోవద్దు."

"ఎందుకు పోవద్దు?"

"ఇయ్యాల పోవద్దు."

"ఇయ్యాల ఏమున్నది?"

"పోతే వార్డు పోతది."

అండాలు చీపురుపుల్లను గడప మీద పెట్టింది.

"వార్డు పోతదని ఫికరున్నది. పెండ్లాం పోతదని లేదు."

ఇంట్లో చప్పుడంతా చింతపండు గింజ చేటలో పడే చప్పుడే.

"కొట్లాడుండ్రి గని," అన్నది గోపమ్మ, "ముంగట జర పొయ్యన్న ముట్టిచ్చుండ్రి."

"పొయ్యి కొత్త కోడలొచ్చి ముట్టిస్తది అత్తా."

కొత్త కోడలు అప్పుడే వచ్చింది.

"డాక్టర్ సాబ్ ఉన్నరా?" అని వాకిట్లోంచి ఒక గొంతు వినిపించింది. చేను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పిలవడానికి అలవాటు పడిన గొంతు. ఆ వెంటనే గొంతు గల మనిషి, చెప్పులు గుమ్మం అవతల విడిచి, చంకలో ఉర్దూ పత్రికలో చుట్టిన పొడవాటి పొట్లంతో లోపలికి వచ్చింది. పొట్లం చివర నుంచి గిట్ట ఒకటి బయటికి చూస్తున్నది.

"నేను జానమ్మను," అన్నది గోపమ్మకు దండం పెడుతూ. "పెద్దమ్మా, బాగున్నరా? చెల్లె, జర మంచినీళ్ళియ్యి. పానగల్ దారిల ఎండ మస్తుగ కొడ్తాంది."

అండాలు ఊహలో ఒక్క రాత్రిలోనే ఒక సవతి పెరిగి పెద్దదయింది. ఆమెకు చామంతిపూల జడ ఉన్నది, జారే పైట ఉన్నది, ఓరచూపు ఉన్నది. వచ్చిన మనిషికి నలగని ఖద్దరు చీర, పాన్‌తో ఎర్రబడిన పళ్ళు, గంపలెత్తిన వాళ్ళకుండే భుజాలు ఉన్నవి. అండాలు అవేవీ చూడలేదు. ముందు మెడ చూసింది. మెడ బోసిగా ఉన్నది. దాంతో ఆమెకు ఊరట కలగలేదు. తాడు ఎక్కడ దాచిందోనన్న కొత్త చింత పట్టుకున్నది.

నీళ్ళు మాత్రం ఇచ్చింది. ఇంటికి వచ్చినవాళ్ళకు నీళ్ళివ్వకపోవడం ఎంత కోపానికైనా చేతకాని పని. చెంబును గడప మీద పెట్టి, ముఖం అటు తిప్పుకున్నది.

జానమ్మ ఎత్తిపోసుకొని తాగింది. మూతి తుడుచుకున్నది.

"డాక్టర్ సాబ్, రేపు సాబు పోతడాయె. ఇయ్యాల ఏదన్న కేసొస్తే దాని మీదనే మన పరీక్ష అన్నడు. అందుకే తొడ పట్టుకొచ్చిన. ఒక్కమాటు ఇద్దరం కలిసి..." అని ఆగి, గడప మీది చీపురుపుల్లకు వేలాడుతున్న దారాన్ని చూసింది. ముఖం విప్పారింది.

"అరే! గివి నా ముళ్ళే గదా?"

చింతపండు గింజ పడే చప్పుడు ఆగింది.

"నీ ముళ్ళా?" అన్నది అండాలు.

"అవ్ చెల్లె. నిన్న నేనే ఈయనకు ఏసిన."

"నువ్వు... ఈయనకా?"

"మరేం జెయ్యాలె? ఎన్నిమాట్లు జూపిచ్చినా ఈయనకు రాకపాయె. ఇగ నేనే పట్టుకొని ఏసిన."

గోపమ్మ చెంప మీద చెయ్యి వేసుకున్నది. "ఆడిదే కడ్తాందా ఇప్పుడు? ఏం జమానా వచ్చెనమ్మా!"

"ఏడ కట్టినవ్?" అన్నది అండాలు.

"వేలుకు. ఇగో, గీ వేలుకు." జానమ్మ ఎల్లస్వామి చూపుడువేలును, పంతులు సుద్దముక్కను పట్టుకున్నట్టు పట్టుకొని పైకెత్తింది. ఆ పట్టులో ప్రేమ అనే పదార్థం వెతికినా దొరకదు. అండాలు లేచింది. ఉచ్చును తీసి ఆ వేలికి తొడిగింది. సరిగ్గా సరిపోయింది. వాసన చూసింది. టింక్చరే.

"మరి ఈయననే నీకు మూడు ముళ్ళేసిండని భిక్షం అన్నడు..."

"ఈయన నాకేసుడా?" జానమ్మ పగలబడి నవ్వింది. "ఈయన ఏస్తె ఆగితె గదా చెల్లే!"

డాక్టర్ ఎల్లస్వామి జీవితంలో నవ్వులు అనేకం విన్నాడు. నిన్నటి షెడ్డు నవ్వు కూడా విన్నాడు. కాని తన ఇంట్లో, తన వంటగది గడప మీద, తన వేలు ఇంకా పరాయి పిడికిట్లో ఉండగా వినిపించిన ఆ నవ్వు అన్నిటికంటె లోతుగా దిగింది. ఆయన వేలు లాక్కున్నాడు.

"ఆగదా?" అన్నది అండాలు మెల్లగా.

"ఆగుతది," అన్నాడు ఎల్లస్వామి.

"అయితే ఏసి జూపియ్యి."

మేక తొడను పీట మీద పెట్టారు. జానమ్మ చేతిగుడ్డ మూటలోంచి దారపు కండె తీసింది. ఎల్లస్వామి అంగీ చేతులు మడిచాడు. తెగిన నాళపు కొసను చిమటా అనే చిన్న పట్టకారుతో పట్టి, దారం చుట్టి, మొదటి ముడి వేశాడు. రెండవదానికి వచ్చేసరికి ఆయన పెదవులు 'అటునుంచి ఇటు' అని ఉచ్చరించినవి. వేళ్ళు ఇటునుంచి అటే పోయినవి. మూడవది కూడా వాటి వెంటనే పోయింది.

అండాలు చిటికెనవేలు పెట్టి లాగింది. ముళ్ళు మూడూ, దొరవారికి దారి ఇచ్చే నౌకర్లలాగా, వినయంగా ఒక పక్కకు జారి నిలబడ్డవి.

"మళ్ళ ఏయ్యి."

మళ్ళీ వేశాడు. మళ్ళీ జారింది.

"చొప్పకట్ట," అన్నది గోపమ్మ, మెడ చాచి చూసి. "వాళ్ళ నాయిన గూడ గట్లనే గట్టేది."

అండాలు ముఖం మీద రాత్రి నుంచి కమ్ముకొని ఉన్న మబ్బు విడిపోయింది. భర్త వేరొకతెకు పుస్తె కట్టలేదు. కట్టలేడు. ఆ ఆనందం గుక్కెడు నీళ్ళు తాగినంతసేపు ఉన్నది. తరువాత ఆమె జానమ్మ చేతుల వైపు చూసింది. భర్త చేతుల వైపు చూసింది. పోయిన మబ్బు రెండవ వైపు నుంచి తిరిగి వచ్చింది.

"ఆమెకు వచ్చినప్పుడు నీకెందుకు రాదు?"

"వస్తది. టైము పడ్తది."

"ఆమెకెందుకు పట్టలే? ఇద్దరికి చెప్పేటోడు ఒక్కడే గదా? మా నాయిన నాకు తక్కువ డాక్టరును జూసి చేసిండా?"

"అండాలూ!"

"ఆమె నీ పెండ్లాంగా వచ్చిందనుకొని రాత్రంత ఏడ్చిన. గదే నయముండె. పెండ్లాంగా వస్తే కొట్లాడి ఎల్లగొడ్తుంటి. నీకన్న పెద్ద డాక్టరుగా వస్తే నేనేం జెయ్యాలె?"

జానమ్మ నవ్వు ఆగిపోయింది. దారపు కండెను చేతిలో ఇటూ అటూ తిప్పింది.

"చెల్లె, ఒక మాట జెప్తా ఇను. ఈయన కత్తి పడ్తే నేను అటు జూడను. ఎందుకో ఎరుకనా? నాకు కండ్లు కుడ్తయి. నా కత్తి ఒణుకుతది. ఎంత కొయ్యాల్నో తెల్వక బతికిన కండ గూడ కోస్త. సాబు అరుస్తడు. కోస్గిల కాన్పులకు తప్ప నన్ను ఎవరు పిలుస్తరు? చెట్టుమీదికెల్లి పడ్డోణ్ణి గూడ నన్ను దాటి పాలమూరు తీస్కపోతరు. ఆడామె ఏం కుడ్తదని. ఆ వార్డు నాకు గూడ గావాలె."

"మరి గీడికెందుకొచ్చినవ్?" అన్నది అండాలు. "ఈయనకు నేర్పుతె నీకే నష్టమాయె."

జానమ్మ పీట మీది మేక తొడను ముందుకు జరిపింది.

"కత్తి నేర్సుకుందామని వచ్చిన," అన్నది. "ముడి ఇచ్చి కత్తి తీస్కపోదామని."

"ఎవరూ నాకేం ఇయ్యక్కర లేదు," అన్నాడు ఎల్లస్వామి. "ఎవరికీ నేను ఇచ్చేది లేదు. మీ ముళ్ళు మీరు తీస్కపోండ్రి."

ఆయన వేలి నుంచి ఉచ్చును తీసి చాచాడు. జానమ్మ చెయ్యి చాచలేదు. మధ్యలో ఉచ్చు వేలాడుతుండగా, వాకిట్లో సైకిలు పడిన చప్పుడయింది.

భిక్షం రొప్పుతూ వచ్చాడు. వచ్చినవాడు గుమ్మంలోనే నిలబడిపోయాడు. పీట మీద మేక తొడను చూశాడు. డాక్టరు చేతిలో దారం చూశాడు. జానమ్మనూ అండాలునూ ఒకే గదిలో చూశాడు. తన కావ్యం విమర్శకుల చేతికి చిక్కిందని ఆయనకు అర్థమైంది. ఒక అడుగు వెనక్కి వేశాడు.

"రా భిక్షం," అన్నది అండాలు. "ఎవరు ఎవరికి ఏసిన్రు?"

"గది... అమ్మా... సారు ఇజ్జతు నిలవడాలని తిరగేసి జెప్పిన." భిక్షం కండువా సర్దుకున్నాడు. "గా ముచ్చట తర్వాత దిట్టుండ్రి. లారీ వచ్చింది. గుర్వయ్యని రాళ్ళు కొట్టేటాయన. తొడల పెద్ద నరం తెగింది. కర్నల్ సాబు చిమటాతోని పట్టుకొని నిలవడ్డడు. నేను పట్టుకున్న, కట్టేటోళ్ళు రావాలె అన్నడు."

"సాబే కట్టొచ్చు గదా?" అన్నది గోపమ్మ.

"నేను కూడ గదే అన్నమ్మా. రేపు నేను పోయినంక ఎవడు కడ్తడు అన్నడు."

ఎల్లస్వామి అప్పటికే సంచీ అందుకున్నాడు. జానమ్మ గుమ్మం దాటి ఒక చెప్పులో కాలు పెట్టింది.

"ఇద్దరు గాదు సార్," అన్నాడు భిక్షం, నేల చూస్తూ. "ఒక్కరే రావాలన్నడు. ఎవరి ముడి ఆగుతదో వాళ్ళే రావాలె, ఎవరో వాళ్ళే తేల్చుకోవాలె, వచ్చినోళ్ళదే వార్డు అన్నడు."

జానమ్మ రెండవ కాలు చెప్పులో పెట్టలేదు. ఎత్తిన ఆ కాలు తిరిగి లోపలికీ పెట్టలేదు. తాను వస్తానని అనలేదు. రానని కూడా అనలేదు. ఎల్లస్వామి వైపు చూస్తూ గుమ్మం పట్టుకొని నిలబడింది.

ఆ మనిషి వచ్చినప్పటి నుంచి ఆమెను ఇంట్లోంచి పంపేయాలని అండాలు కోరుకున్నది. ఇప్పుడు ఒక్క మాట అంటే ఆమె పోతుంది, వార్డు కూడా ఆమె వెంట పోతుంది. ఇంకొక మాట అంటే ఆమె ఆగిపోతుంది. అక్కడ రాళ్ళు కొట్టే మనిషి తొడలో చొప్పకట్ట ముడి పడుతుంది. రెండు మాటలూ గొంతులోనే ఉన్నవి. వాటికి బదులు మూడవది వచ్చింది.

"మీ ముడి ఆగుతదా?"

'మీరు' తిరిగి వచ్చింది. ఏకవచనం పెట్టిన భయం ఒక ఎత్తు, ఈ బహువచనం పెట్టిన భయం ఒక ఎత్తు.

ఎల్లస్వామి తల్లిని చూశాడు, కంపౌండరును చూశాడు, ఒక చెప్పు మీద నిలబడిన ప్రత్యర్థిని చూశాడు. నడుము నిటారు చేశాడు. వంశాలు, వీరగాథలు, రాతిగోడ మీద చెక్కవలసిన పేరు ఆయన కంఠంలో ఒక్కసారిగా చేరినవి.

"నీ మెడల జూసుకో! పందిట్ల, పదూళ్ళోళ్ళు జూస్తుండంగ గీ చేతులే ఏసినయి మూడు ముళ్ళు. తాడరిగి మార్చినవ్ గని, ముడి జారిందని ఎన్నడన్న మార్చినవా?"

అండాలు చెయ్యి తనంత తాను మెడ మీదికి పోయింది. కళ్ళు నిండినవి. జానమ్మ తల వంచుకొని, చెప్పులోంచి కాలు మెల్లగా తీసింది. భిక్షం ఈ మాటను షెడ్డులో ఎట్లా చెప్పాలో అప్పుడే మనసులో కూర్చుకుంటూ కండువాతో ముక్కు తుడుచుకున్నాడు. డాక్టరు సంచీ భుజానికి తగిలించి గుమ్మం వైపు నడిచాడు.

గోపమ్మ చేట పక్కన పెట్టింది.

"నువ్వేసింది ఒక్కటే కొడకా," అన్నది. "అది గూడ జారిపాయె. పిల్ల ఎనక నిలవడ్డ మీ అక్క సత్తమ్మ మళ్ళ ఏసింది. మూడూ దానియే."